ఒక్కసారిగా మానకూడదు

ముక్కుకు కొంగు చుట్టుకుని పరుపు దులుపుతుంటే ఆమె ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. గోడ పట్టుకుని నిలబడింది.

"ఇంకా ఆ మూల మిగిలిపోయింది" అంది అత్తగారు గుమ్మంలోంచి. మొహంలోకి చూసి, "గుమ్మడికాయలా ఊరావే తల్లీ! పనిచేసే ఒళ్ళేనా ఇది?" అంది.

ఊరింది పనిలేక కాదు, ఉబ్బసానికి నెలల తరబడి వేసుకుంటున్న స్టెరాయిడ్ మాత్రలవల్ల. "అవతల పారెయ్యవే, పెళ్ళినాడు ఎంత నాజూగ్గా ఉండేదానివి!" అన్న భర్త మాట విని ఒకసారి మానేసి, ఊపిరాడక ఆస్పత్రిలో పడింది. అప్పటినుంచి మానలేదు. అద్దంలో మొహం తనది కాదనిపించినా ఊపిరి తనదే కదా. కానీ మాత్ర మింగి కాస్త తేరుకోగానే మళ్ళీ అదే పరుపు, అదే బూజుకర్ర, అదే పొగ. ఈ మందు నేను బతకడానికా, ఈ ఇల్లు ఊడవడానికా అని ఎన్నోసార్లు అనుకుంది. పైకి అనలేదు. మాటలకు కూడా ఊపిరి కావాలి.

ఈసారి డాక్టరమ్మ దగ్గరికి భర్త కూడా వచ్చాడు. "ఇంట్లో ఏం పనులు చేస్తావమ్మా?" అని ఆవిడ అడిగితే అతనే అందుకున్నాడు. "ఏమీ చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది."

ఆమెకు నవ్వొచ్చింది. "పరుపులు దులుపుతానండీ. ఊడుస్తాను. బూజు తీస్తాను. పొగలో వండుతాను. ఆయాసం వస్తే మాత్ర వేసుకుని మిగతాది పూర్తిచేస్తాను."

డాక్టరమ్మ రాయడం ఆపి భర్తవైపు తిరిగింది. "దుమ్ములో నిలబెట్టి మందిస్తే చిల్లికుండలో నీళ్ళు పోసినట్టేనయ్యా. ముందు ఆ దుమ్మూ పొగా తప్పించండి. మాత్రలు నేను తగ్గిస్తాను. ఒక్కసారిగా మాత్రం మానకూడదు, ఒళ్ళు వాటికి అలవాటు పడింది. నేను చెప్పినట్టు మెల్లగా దించాలి."

ఆదివారం పొద్దున్నే ఆమె బూజుకర్ర తెచ్చి భర్త చేతిలో పెట్టింది. "ఈ వారం బూజూ పరుపులూ మీవి. వచ్చేవారం ఊడవడం. ఆ తర్వాత పొయ్యి దగ్గరికి వద్దురుగాని."

"ఇదేం చోద్యమే!" అత్తగారు బుగ్గలు నొక్కుకుంది.

"అన్నీ ఒక్కసారిగా మానేస్తే ఇల్లు తట్టుకోలేదత్తయ్యా. అందుకే మెల్లగా దించుతున్నా."

తలుపు దగ్గరగా వేసి బయట మెట్లమీద కూర్చుంది. లోపల తుమ్ముమీద తుమ్ము.

"ఇంకా ఎన్నాళ్ళే ఇలా?" భర్త కేకేశాడు.

"మీ ఒళ్ళు అలవాటు పడేదాకా!" అని ఆమె కూడా కేకేసింది. మధ్యలో ఊపిరికోసం ఆగాల్సిన పని రాలేదు.