బతికున్న మనిషికి చావు కబురు

ఫానోర్ అన్నకి నెత్తీ నోరూ బాదుకుని చెప్పాను. మెయిల్‌తో వచ్చే ఫైలు దేన్నీ ముట్టుకోవద్దు, ముందు పంపినవాళ్ళని అడిగి కనుక్కో, మేమే పంపామంటే అప్పుడు తెరువు అని. "సరేలే ఎమెరీతా" అనేవాడు. రేడియోకి డైరెక్టరు కదా, నాలాంటి టెక్నీషియన్ మాట ఆయన చెవికెక్కదు. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్ళు మండిపోతుంది.

గ్వాపీ నది పొడవునా ఉన్న ఊళ్ళకి ఫోన్ అందదు. పడవ ఎప్పుడొస్తుందో, ఎవరికి బిడ్డ పుట్టిందో, ఎవరు పోయారో సాయంత్రం మేము చదివితేనే తెలుస్తుంది. చావు కబురైతే ఇక ప్రశ్నలుండవు. ఏడుస్తున్నవాళ్ళని నిజమేనా అని అడగడం మా దగ్గర పాపం. ఈ ఎండల్లో శవాన్ని ఎక్కువసేపు ఉంచలేరు కాబట్టి ఆలస్యమూ కుదరదు. ఆ దొంగవెధవలు సరిగ్గా అక్కడే కొట్టారు.

పాస్తోరా పెద్దమ్మ పోయిందని, ఆమె పిల్లలు రాసినట్టుగా మెయిల్ వచ్చింది. ఫోటో, ప్రార్థన వివరాలు ఫైల్లో ఉన్నాయట, వెంటనే తెరవాలట.

నది ఎగువన ఉండే పాస్తోరా పెద్దమ్మ మా చావుపాటలకి పెద్దదిక్కు. శవజాగరణలో ఆమె చరణం ఎత్తుకుంటే మిగతా ఆడవాళ్ళు పల్లవి అందుకుంటారు. ఆ చరణాలు ఆమెకి తప్ప ఇంకెవరికీ రావు. ఈ మధ్యే గొంతులో పుండు లేచి కాలీ నగరంలో ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. ఆపరేషన్‌కి ముందు ఆమెని బతిమాలి పాటలన్నీ రికార్డు చేశాను. శవం లేకుండా పాడితే చావుని పిలిచినట్టేనని ముందు ససేమిరా అంది. తర్వాత తనే దిగొచ్చి, "రేపు నేను పోతే నాకెవరు పాడతారే?" అని పాడింది. ఆ పాటలన్నీ మా రేడియో కంప్యూటర్లో ఉన్నాయి.

"అన్నా, ఆ ఫైలు ముట్టుకోకు. ఈ అడ్రసు ఎవరిదో తెలీదు. ఆసుపత్రి వైర్‌లెస్‌లో వాళ్ళ ఊరికి అడిగొస్తా, కాస్త ఆగు."

"సిగ్గుందా నీకు? తల్లి పోయి ఏడుస్తున్నవాళ్ళని రుజువు తెమ్మంటావా?"

"ఏడ్చేవాళ్ళు ఫైలు తెరువు, ఫైలు తెరువు అని ఇన్నిసార్లు రాస్తారా?"

"అన్నీ అనుమానాలే! అందుకే నీ మొగుడు పారిపోయాడు."

"నా మొగుడి సంగతి నీకెందుకు? ముందు ఆ చెయ్యి తియ్యి!"

తియ్యలేదు. నొక్కాడు. ఫోటో రాకపోయేసరికి మళ్ళీ నొక్కాడు. నెట్ నెమ్మదిగా ఉందని గొణుక్కుంటూ మైకు ముందుకి పోయాడు. నేను ఆసుపత్రికి పరిగెత్తాను.

వైర్‌లెస్‌లో అవతలి నర్సు పకపకా నవ్వింది. "పాస్తోరా అత్తా? ఇప్పుడే చూశా, వాకిట్లో కూర్చుని అరటికాయలు వలుస్తోంది."

తిరిగొచ్చేసరికి ఆయన గద్గదంగా కబురు చదివేసి కళ్ళు తుడుచుకుంటున్నాడు. కంప్యూటర్లో ఫైళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిచ్చిరాతలుగా మారిపోతున్నాయి. వైర్లన్నీ పీకేశాను. అప్పటికే ఫైళ్ళన్నిటికీ తాళం పడిపోయింది. తాళం తీయాలంటే డబ్బు కట్టమని బెదిరింపు. కట్టినా తీస్తారని నమ్మకమేముంది?

"కాపీ తీసిన డిస్కు ఏదీ?" అన్నాను.

"దానికే తగిలించి ఉంది."

"పని కాగానే పీకి బీరువాలో పెట్టమన్నానా లేదా?"

"రోజూ పెట్టడం, పీకడం... ఎవడి వల్లవుతుంది?"

అదీ పోయింది. పెద్దమ్మ పేరు వాళ్ళకెలా తెలిసిందనుకున్నారు? ఆపరేషన్ అవుతోంది, ప్రార్థించండి అని ఫోటోతో సహా మా రేడియో పేజీలో పెట్టింది ఈయనే. వాళ్ళ చేతులు విరిగిపోను, చావునే ఎరగా వేశారు. ఈయన ఎగబడి మింగాడు.

కబురు తప్పని వెంటనే మళ్ళీ చెప్పాం. కానీ విన్నవాళ్ళు అప్పటికే పడవలెక్కేశారు. తెల్లవారి ఫానోర్ అన్నని రెక్క పట్టుకుని నేనూ బయల్దేరాను. పాటల సంగతి ఆమెకి మేమే చెప్పాలి.

మేము వెళ్ళేసరికి వాకిలి నిండా జనం. కొవ్వొత్తులు, కాఫీ, చెరకు సారా సీసాలు.

"ఏం పెద్దమ్మా, పని మానుకుని నీ చావుకొస్తే నువ్వింకా బతికే ఉన్నావా?" అంది ఒకామె. "ఈ సారా ఏం చెయ్యమంటావ్?"

పెద్దమ్మ చప్పుడు లేకుండా, ఒళ్ళంతా కదిలేలా నవ్వుతోంది. అప్పుడు చెప్పాను. నవ్వు ఆగిపోయింది. ఫానోర్ అన్న కాళ్ళ మీద పడబోతే కర్రతో పక్కకి నెట్టింది. ఆడవాళ్ళ వైపు తిరిగి పెదాలు కదిపింది.

"పాడమంటోంది," అన్నాను.

"అమ్మో, శవం లేకుండానా?"

పెద్దమ్మ తన గొంతు మీద వేలు పెట్టి చూపించింది. ఇదిగో శవం అన్నట్టు. ఒకామె కొవ్వొత్తి వెలిగించింది.

పెద్దమ్మ చెయ్యెత్తి చరణం మొదలుపెట్టింది. పెదాలు కదిలాయి, ఏమీ వినిపించలేదు. చెయ్యి దించగానే ఆడవాళ్ళు పల్లవి అందుకున్నారు. మళ్ళీ చరణం, మళ్ళీ నిశ్శబ్దం. పక్కన ఫానోర్ అన్న వెక్కిళ్ళు తప్ప ఇంకేం లేదు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"నోర్ముయ్, అన్నా!" అని అరిచి, వెళ్ళి ఆమె ముందు మోకరిల్లాను. ఆమె పెదాలనే చూస్తూ, అర్థమైన మాటల్ని గట్టిగా ఎత్తుకున్నాను. నాది పాడే గొంతు కాదు, గాడిద గొంతు. రాగం ఎక్కడ లేవాలో, ఎక్కడ దిగాలో తన చేతితో చూపిస్తోంది.

తప్పు పాడాను. భుజం మీద ఒక్కటిచ్చి మళ్ళీ మొదటి నుంచి పెదాలు కదిపింది.