మండీ దారి

పత్తికొండ ఆసుపత్రికి టమాటా మండీ మీదుగా పోతే దగ్గర. అయినా హనుమన్న ఆటోను ఊరిచుట్టూ తిప్పి తెచ్చేవాడు. మండీ కనిపిస్తే అన్న కూతురు నాగశ్రీ వణికిపోయేది. మండీలో పనిచేసే ఆమె తండ్రి రామకృష్ణను పాతకక్షతో నాటుబాంబులేసి చంపింది అక్కడే. తల్లి అంతకుముందే పోయింది. ఆ రోజు నుంచి పిల్ల బడికి పోవడం లేదు. తలుపు చప్పుడైతే మంచం కిందకు దూరుతుంది.

ఆసుపత్రిలో నర్సు నాగజ్యోతి బెంగళూరులో శిక్షణ పొంది వచ్చి, ఇలాంటి పిల్లలను వారానికోసారి కూర్చోబెట్టుకొని మాట్లాడించేది. జరిగింది మళ్లీ మళ్లీ చెప్పించేది. భయం ఎంతుందో చింతగింజలు కుప్పపోసి చూపించమనేది. నాగశ్రీ జేజి, రామకృష్ణ తల్లి తిరుపతమ్మ గడప దగ్గర కూర్చొని వినేది. కొడుకు పోయిన దుఃఖంలోనూ ఆమెకు ఈ పద్ధతి నచ్చింది. కోర్టు వాయిదా దగ్గర పడుతోంది, పిల్ల సాక్ష్యం చెప్పాలి మరి.

"బాగ చెప్పిస్తాండావు సిస్టరమ్మా. మా చిన్నోడు ఎంత నేర్పినా దీనికి నోట నిలవలేదు."

నర్సు ఆమెవైపు ఒకసారి చూసి, గింజలను డబ్బాలో పోసింది.

మండీలో కళ్లారా చూసినవాళ్లెవరూ సాక్ష్యానికి ముందుకు రాలేదు. అందుకని హనుమన్న పిల్లకు ఐదు పేర్లు నేర్పాడు. నాయనకు సద్ది తీసుకుపోయినప్పుడు వాళ్లను చూశానని చెప్పాలి. పిల్ల ఆ పూట ఇల్లు కదల్లేదని తిరుపతమ్మకు తెలుసు. కొడుకు ఎట్లాగూ రాడు, చంపినవాళ్లయినా జైలుకు పోవద్దా అనుకుంది.

ఆ వారం నాగశ్రీ ఐదు పేర్లూ ఎక్కంలా అప్పజెప్పింది. భయం ఎంతంటే ఒక్క గింజ పెట్టింది.

"ఇంతేనా? మిగతా భయమంతా యాడుండాది పాపా?" అంది నర్సు.

పిల్ల డబ్బాలోని గింజలన్నీ తన ఒళ్లో కుమ్మరించుకుంది.

"ఒకాయప్ప బండిమీద ఇంటికాడికొచ్చి, మీ నాయన యాడుండాడని అడిగె. మండీలో అని నేనే చెప్తి. నేను చెప్పకపోయింటే..."

తిరుపతమ్మ లేవబోయింది. నర్సు చేత్తో ఆగమంది.

"నాయన మండీలో ఉంటాడని నీకు తెల్సు. ఇంకెవురికి తెల్సు? తెల్సినోళ్లకు ఒక్కో గింజ పెడదాం."

గడప దగ్గర నుంచి జేజి అందుకుంది: "మండీలో తక్కెడ కాడ తూకమేసే ఏసన్నకు తెల్దా? పొద్దున్నే మీ నాయనతో కొట్లాడకపోతే వానికి టీ దిగదు."

పిల్ల ఒక గింజ తీసి నేలమీద పెట్టింది.

"టీ అంగడి సుందరం. హమాలీలు. టమాటాలు తెచ్చేటోళ్లంతా. మీ నాయన గొంతు బస్టాండు దాకా ఇనపడ్తాండె గదమ్మా!" చెప్తూ చెప్తూ ఆమె లోపలికి వచ్చి పిల్ల పక్కన కూలబడింది. "నాకూ ఒకటి పెట్టు. నాకూ తెల్సు గదా."

ఒళ్లో గింజలు అయిపోవచ్చాయి.

"వీళ్లంతా చంపినోళ్లా?" అంది నర్సు.

"కాదు."

"మరి నువ్వు?"

నాగశ్రీ ఒళ్లో మిగిలిన తన గింజను కూడా ఆ కుప్ప పక్కన పెట్టి, జేజి మోకాలికి తల ఆనించి ఏడ్చింది. తండ్రి పోయాక పిల్ల ఏడవడం అదే మొదలు.

"ఈ పొద్దుతో అయిపోదు పెద్దమ్మా. వచ్చే వారం మళ్లా తీసుకరా," అంది నర్సు.

బయట హనుమన్న ఆటోకు ఆనుకొని ఉన్నాడు. "ఏం మా, ఐదు పేర్లూ చెప్పిందా?"

"చెప్పింది. ఇంక చెప్పదు," అంది తిరుపతమ్మ.

"అంటే?"

"ఇది చూసింది ఇంటికొచ్చి అడిగినోణ్ణొక్కణ్ణే. జడ్జి అడిగితే ఆ ఒక్కటే చెప్తాది."

"కేసు పోతాది మా! అన్నను చంపినోళ్లు మీసాలు దువ్వుకుంటా మన ముందరే తిరుగుతారు."

"పోయింది నా కొడుకప్పా. నాకు మంట లేదా?" తిరుపతమ్మ గొంతు తగ్గించింది. "ఆ పొద్దు ఇది మండీకి పోనే లేదు. పోయినానని మనం చెప్పిస్తే, దినామూ మనసులో ఆడికే పోతాంటాది."

హనుమన్న ఆటో తీశాడు. కోపంలోనో ఏమో, చుట్టుదారి మలుపు తిరగకుండా దాటేశాడు. మండీ గేటు కనబడగానే నాగశ్రీ జేజి కొంగులో ముఖం దాచుకుంది.

"తక్కెడ కాడ ఏసన్న ఉండాడు," అంది తిరుపతమ్మ మెల్లగా.

పిల్ల తల ఎత్తలేదు. కొంగులోంచే అడిగింది: "ఇప్పుడు ఎవురితో కొట్లాడ్తాండాడు జేజీ?"