మావయ్య కుడి

ఆసుపత్రి లాండ్రీలో పొద్దంతా దుప్పట్లు మడతపెట్టి, కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొస్తే, మావయ్య సైకిల్‌కి బిగించే జీపీఎస్ ఒకటి మా ఆయన నా చేతిలో పెట్టాడు. చూడటానికి అగ్గిపెట్టెకి అన్నలా ఉంది. అందులో మ్యాపు వెయ్యడం నా పనట. ఈ ఇంట్లో ఎవరికీ ఓపిక లేని పనులన్నీ నా పనులే.

మావయ్య ఈమధ్య ఒకటి రెండుసార్లు దారి తప్పాడు. ఇంకోసారి తప్పితే సైకిల్ అమ్మేస్తానని మా ఆయన తేల్చి చెప్పేశాడు. అత్తయ్య పోయాక ఆ మనిషికి మిగిలిన సరదా అదొక్కటే. అదీ లాక్కుంటే కిటికీ పక్క కుర్చీకి అతుక్కుపోతాడని నా భయం.

యంత్రంలో చోటు తక్కువ, ఒక్క మ్యాపే పడుతుంది. ఎంచుకోడానికి మూడున్నాయి. వీధుల పేర్లన్నీ ఉన్నదొకటి. సైకిల్ దారులు చూపించి, మలుపు దగ్గర పెద్ద బాణం వేసేదొకటి. మలుపు మలుపుకీ కుడి, ఎడమ అని తెలుగులో చెప్పేది ఇంకొకటి. ఆయన చూపు అంతంత మాత్రం కాబట్టి మాట్లాడేదే మేలనుకున్నాను. అది ఎక్కుతున్నంతసేపూ కూర్చున్నచోటే కునికిపాట్లు పడ్డాను.

వారం తిరక్కుండానే ఎవరో ఫోన్ చేశారు, మీ పెద్దాయన మా వీధిలో తిరుగుతున్నాడని. మా ఆయన వెళ్ళి తీసుకొచ్చాడు. అది చెప్పినట్టే వెళ్ళానని మావయ్య మొత్తుకున్నా వినకుండా, సైకిల్ ఎవరైనా కొంటారేమోనని ఫోన్లు మొదలుపెట్టాడు.

ఆయన తిరిగిన దారి యంత్రంలో గీతలా పడి ఉంది. చూశాను. కుడికి తిరగమన్న ప్రతిచోటా ఎడమకి తిరిగాడు. ఎడమకన్న ప్రతిచోటా కుడికి. ఒక్కచోటా గురి తప్పలేదు.

"మావయ్యా, కుడిచెయ్యి ఒకసారి ఎత్తండి" అన్నాను.

ఎడమచెయ్యి ఎత్తాడు. ఆయనది ఎడమచేతి వాటం.

"రాసే చెయ్యి కుడిచెయ్యని బళ్ళో చెప్పారమ్మా. నేను రాసేది దీంతోనే కదా. తప్పని తర్వాత తెలిసింది గానీ, అప్పటికే బుర్రలో పాతుకుపోయింది."

మరి ఇన్నాళ్ళూ ఎలా తిరిగారని అడిగాను.

"మీ అత్తయ్య వెనక కూర్చునేది. ఎటు తిరగాలో ఆ భుజం మీద తట్టేది. ఇంక మాటెందుకు?"

నాకు ప్రాణం లేచొచ్చింది. చెప్పుల షాపులో ఇన్నేళ్ళు పనిచేసిన మనిషికి కుడి ఎడమలు తెలియవని మా ఆయన పడీ పడీ నవ్వాడు. మావయ్యకి మతిమరుపేమోనని తనూ లోలోపల కుమిలిపోతున్నాడని ఆ నవ్వులో తెలిసింది. ఫోన్లు మానేశాడు. నేను వాగుడుకాయ మ్యాపు తీసేసి బాణాల మ్యాపు వేశాను.

ఆదివారం సాయంత్రం పరీక్ష పెట్టాం. ఒళ్ళు హూనమై ఉన్నా క్యారియర్ మీద నేనే కూర్చున్నాను. మావయ్య కాళ్ళల్లో ఇంకా పస ఉంది. ప్రతి మలుపులోనూ బాణం ఎటు చూపిస్తే అటే తిరిగాడు. చెరుకుగడలా నిటారుగా కూర్చుని, ఈల కూడా వేశాడు. ఇంటి దగ్గరికొచ్చాక, ఇక మన వీధేగా అని నేనే చెయ్యి చాపి యంత్రం ఆపేశాను.

మా వీధి మలుపు వచ్చింది. ఆయన తిరగలేదు. ఏదో ఆలోచనలో ఉన్నాడనుకున్నాను. బట్టల ఇస్త్రీ కొట్టు దాటాం, మందుల షాపు దాటాం. ఈల ఆగలేదు. ఎక్కడికని అడిగితే ఆయన ఏం చెబుతాడోనని భయమేసింది.

చివరికి కుడి భుజం మీద తట్టాను. వెంటనే తిరిగాడు. మళ్ళీ తట్టాను, మళ్ళీ తిరిగాడు. అలా తడుతూ తడుతూ గుమ్మం దాకా తీసుకొచ్చాను.

మా ఆయన బయటే నిలబడి ఉన్నాడు. ఇంతసేపైందేం, తప్పాడా అని కళ్ళతోనే అడిగాడు.

"లేదు. ఇంకో చుట్టు తిరుగుదామని నేనే అన్నాను" అన్నాను.

మావయ్య సైకిల్‌కి స్టాండ్ వేసి, అత్తయ్య కోసం ఎప్పుడూ చేసినట్టే, క్యారియర్ మీది దుమ్ము చేత్తో తుడిచాడు. రేపు ఎన్నింటికి బయల్దేరదామని నన్ను అడిగాడు.

నడుం పట్టేసింది. డ్యూటీ నుంచి రాగానే వెళదామని చెప్పాను.