చెడిన చెక్కల శనివారం

ఆగస్టు చివర్లో పద్నాలుగు కార్డులు పోస్టు చేశాను. అన్నీ మా ఆయన ఆస్గర్ రాసినవే. సెప్టెంబరు సమావేశం మా ఇంట్లో అని తేలగానే, ఏప్రిల్‌లోనే కూర్చుని రాసిపెట్టాడు. అతని పద్ధతి అది.

"సెప్టెంబరు మూడో శనివారం, ఉదయం పదింటికి, మా ఇంట్లో. చెడిన చెక్క ఒకటి తీసుకురండి." విగ్గో కార్డులో మాత్రం కింద ఇంకో వాక్యం ఉంది: "నా పొడుగు వైరు ఈసారైనా తెస్తావా?"

అతను మే పదకొండున చనిపోయాడు. కార్డులు మళ్ళీ రాద్దామని పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ముప్ఫై ఏళ్ళుగా పిల్లల చేత వాక్యాలు తిరగరాయిస్తున్నదాన్ని, ఒక్కటి కూడా మార్చలేకపోయాను. స్టాంపులు అంటించి అలాగే పంపేశాను.

మూడో రోజు విగ్గో ఫోన్ చేశాడు. ఫియోర్డుకి, అంటే మా ఊరి సముద్రపు పాయకి, అవతలి ఒడ్డున ఉంటాడు. పాలకేంద్రంలో ఎలక్ట్రీషియన్‌గా చేసి మానేశాడు. ఆస్గర్‌కి బడి నాటి స్నేహితుడు.

"బోదిల్, ఆస్గర్ దగ్గర్నుంచి కార్డొచ్చింది నాకు."

"నేనే వేశాను."

అతను గొంతు సవరించుకున్నాడు. "వైరు సంగతి ఇంకా పట్టుకునే ఉన్నాడు చూడు. నాలుగు నెలలు కావొస్తోంది మట్టిలో పెట్టి, అయినా వదలడు."

"తెస్తావా మరి?"

"తేకపోతే బతకనిస్తాడా?" అన్నాడు. ఆ మాట అన్నాక అతనే ముందు ఫోన్ పెట్టేశాడు.

ఈ సమావేశాలు మొదలై పందొమ్మిదేళ్ళు. ఒకే మోటారు మీద కోత, చిత్రిక, బెజ్జాలు అన్నీ చేసే, ఇంట్లో వాడుకునే చెక్కపని యంత్రం ఒకటి ఉండేది, ఆస్గర్‌దీ అదే. దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడి చాలా కాలమైంది. బేరింగు పోతే కొత్తది దొరకదు. రోడ్ల కొలతలు తీసే ఉద్యోగం కాబట్టి ఆస్గర్ అన్ని ఊళ్ళూ తిరిగేవాడు. ఎవరి షెడ్డులోంచైనా ఆ మోత వినబడితే కారు ఆపి తలుపు తట్టేవాడు. మోతను బట్టి యంత్రాన్ని గుర్తుపట్టగలడు. అలా ఒక్కొక్కరినీ పోగుచేశాడు. మార్చిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి, వంతులవారీగా ఒక్కొక్కరి ఇంట్లో కలుస్తారు. విడిభాగాలు మార్చుకుంటారు, కాఫీ తాగుతారు, యంత్రాన్ని తిట్టుకుంటారు.

నియమం ఒకటుంది, అదీ ఆస్గర్ పెట్టిందే. ప్రతివాళ్ళూ తమ చేతుల్లో చెడిన చెక్క ఒకటి తెచ్చి బల్లమీద పెట్టాలి. ఎలా చెడిందో చెప్పాలి. ఎవరూ ఓదార్చకూడదు. "పోనీలే, అందరికీ అవుతుంది" అనకూడదు. ఒక్క ప్రశ్న మాత్రం అడగాలి: "మళ్ళీ చేస్తే ఏం చేస్తావు?" జవాబు చెప్పాక ఆ చెక్క పొయ్యిలోకి పోతుంది, దాని ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తరు. బడిలో కూడా ఇలాంటి నియమం ఉంటే బాగుండునని నేను అనుకునేదాన్ని.

యంత్రం నాది కాదు, చెక్కపని నాకు రాదు. అయినా కార్డులు పంపడానికి నాకో కారణం ఉంది. వాళ్ళని ఒక విషయం అడగాలి. వాళ్ళు తప్ప ఇంకెవరూ జవాబు చెప్పలేరు.

మే పదకొండు కూడా శనివారమే. తొమ్మిదిన్నరకి ఆస్గర్ షెడ్డులోకి వెళ్ళాడు. షెడ్డుకీ, నేను పుస్తకాలు దిద్దుకునే గదికీ మధ్య ఒక్క గోడే అడ్డం. యంత్రం మోగడం మొదలైంది. నేను ఏడో తరగతి వ్యాసాలు ముందేసుకున్నాను. యంత్రం ఆగితే రెండు నిమిషాల్లో అతను చొక్కా దులుపుకుంటూ వంటగదిలోకి వస్తాడు, నేను కాఫీ పెడతాను. ఇరవైయేడేళ్ళుగా మా శనివారాలు ఇంతే. ఆ రోజు యంత్రం ఆగలేదు. పన్నెండు దాటాక భోజనం సంగతి అడుగుదామని తలుపు తీశాను. అతను నేలమీద ఉన్నాడు. యంత్రం తిరుగుతూనే ఉంది. ఎక్కడ నొక్కితే ఆగుతుందో నాకు తెలియదు. గోడలోంచి ప్లగ్గు పీకేశాను.

గుండె ఆగిందన్నారు. డాక్టరు, చాలా త్వరగా జరిగి ఉంటుంది అన్నాడు. ఎంత త్వరగా అని అడిగితే చెప్పడం కష్టమన్నాడు. దయగల మనిషి. దయగల మనుషుల మాటల్లో నిజం ఎంతో కొలవడం నాకు చేతకాదు.

సమావేశానికి పదకొండు మంది వచ్చారు. యాలకుల బన్నులు చేశాను, కొంచెం గట్టిపడ్డాయి. విగ్గో భుజం మీద పొడుగాటి వైరు చుట్ట వేసుకుని వచ్చాడు. దాన్ని నా చేతికివ్వకుండా తిన్నగా షెడ్డులోకి వెళ్ళి, ఆస్గర్ తగిలించే కొక్కానికే తగిలించి వచ్చాడు.

వంటగది బల్లమీద చెక్కలు చేరాయి. మెరెటె మొదలుపెట్టింది. ఆవుల కొట్టం నడిపే మనిషి, గొంతు పెద్దది. ఆమె ముందున్నది సొరుగు ముక్క, ఉండాల్సినదానికన్నా రెండు వేళ్ళు ఇరుకు.

"కళ్ళజోడు లేకుండా కొలత రాసుకున్నాను. కళ్ళజోడు పెట్టుకుని చదువుకున్నాను," అంది.

"మళ్ళీ చేస్తే ఏం చేస్తావు?" అడిగారు.

"తాడు కట్టి మెళ్ళో వేసుకుంటాను."

"పోయినసారీ అదే చెప్పావు," అన్నాడు విగ్గో.

"పోయినసారి తాడు లేదు. నువ్వు నీ సంగతి చూసుకో బాబూ, ఆ కాళ్ళేంటి?"

విగ్గో కుర్చీకాళ్ళు నాలుగూ వరసగా పేర్చాడు. నాలుగూ ఒకే పక్కకి వంపు తిరిగి ఉన్నాయి.

"దానిమీద కూర్చుంటే మీ ఊరు పోబోయి మా ఊరొస్తావు," అంది మెరెటె. అందరూ నవ్వారు. నవ్వి, నావైపు చూసి ఆగిపోయారు.

"నవ్వండి, నవ్వడానికే పిలిచింది," అన్నాను.

టోర్కిల్ రొట్టెల పెట్టె తెచ్చాడు. అతను బేకరీ నడిపేవాడు, ఇప్పుడు కొడుక్కి అప్పగించాడు. పెట్టె మూత గోడవైపుకి తెరుచుకుంటోంది.

"మీ ఆవిడేమంది?" అని అడిగాడు విగ్గో.

"ఇదే మంచిదిలే, నీ పొట్ట తగ్గుతుంది అంది."

ఇలా బల్ల చుట్టూ తిరిగి వచ్చేసరికి పదకొండున్నరైంది. చివర్లో మెరెటె నన్ను చూసింది. "యంత్రం ఇప్పుడు నీది బోదిల్. యంత్రం ఉన్నవాళ్ళు ఏదో ఒకటి పెట్టాలి. ఇష్టమైతేనేలే."

నేను సిద్ధంగానే ఉన్నాను. తలుపు వెనక నుంచి ఓక్ కర్ర పలక తెచ్చి బల్లమీద పెట్టాను. ఆ రోజు యంత్రం మీద ఉన్నది. పెన్సిలు గీత వెంట సగం దాకా తెగి ఉంది. గీత ఆగిన చోట కాదు, కోత ఆగిన చోట బొటనవేలంత నల్లటి మచ్చ. పలక కదలకుండా, రంపం మాత్రం తిరుగుతూ ఉంటే అలా మాడుతుంది. వాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. టోర్కిల్ ఆ మచ్చని చూసి కిటికీ వైపు తిరిగాడు.

"ఇది ఆస్గర్ చెడగొట్టింది కాదు," అన్నాను. "నేను గోడకి ఇవతల కూర్చుని ఉన్నాను. రెండున్నర గంటలకి పైగా. యంత్రం మోగుతోంది కాబట్టి పనిచేసుకుంటున్నాడనుకున్నాను. మిమ్మల్ని ఒకటి అడగాలి. మనిషి పని చేస్తున్నప్పటి చప్పుడుకీ, ఊరికే తిరుగుతున్నప్పటి చప్పుడుకీ తేడా ఉంటుందా? గోడ అవతల ఉన్నవాళ్ళకి తెలుస్తుందా?"

"ఇప్పుడెందుకు బోదిల్ అది," అన్నాడు విగ్గో.

"నడిపి చూపించండి. నేను ఆ గదిలోనే కూర్చుంటాను. తలుపులు వేసేయండి."

మెరెటె లేచి, చేతులు తుడుచుకుని షెడ్డులోకి వెళ్ళింది. టోర్కిల్ వెంట వెళ్ళాడు. నేను ఆ రోజు కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాను. పక్షపాతం ఉండకూడదని ఒక పిల్లాడి వ్యాసం పుస్తకం తెరిచి పెట్టుకున్నాను. విగ్గో నా వెనక నిలబడ్డాడు.

యంత్రం మోగింది. మే తర్వాత అదే మొదటిసారి. చెక్క పెట్టగానే మోత కిందికి దిగి, బరువెత్తినట్టు మూలిగి, తెగిపోగానే పైకి లేచింది. మళ్ళీ దిగింది, మళ్ళీ లేచింది. ఆ పిల్లాడి మొదటి వాక్యం మూడుసార్లు చదివాను. ఏం రాశాడో బుర్రకెక్కలేదు. ఇరవైయేడేళ్ళూ ఇదే నా ఫిర్యాదు. "నువ్వు కోస్తుంటే నాకు ఒక్క వాక్యం సాగదు ఆస్గర్," అనేదాన్ని. "నాకు మాత్రం నువ్వు దిద్దుతుంటే చెక్క సాగుతోందా?" అనేవాడు.

తర్వాత మోత ఒకే స్థాయిలో నిలబడిపోయింది. దిగడం లేదు, లేవడం లేదు. దూరాన ఎక్కడో పొలంలో ఆగి ఉన్న ట్రాక్టరులా నిదానంగా అలాగే ఉంది. నేను పేజీ చివరిదాకా చదివేశాను. రెండు అక్షర దోషాలున్నాయి, గుర్తు పెట్టాను. గుర్తు పెట్టాక నా చెయ్యి ఆగింది.

విగ్గో వెనకనుంచి అన్నాడు, "రెండూ ఒకటే బోదిల్. నాకేం తేడా తెలియలేదు. దేవుడికి కూడా తెలియదు."

పిల్లలు అబద్ధం చెప్పేటప్పుడు అవసరానికి మించి ఒక సాక్షిని తెచ్చుకుంటారు. నేను వెనక్కి తిరగలేదు.

"విగ్గో, మామూలు శనివారం ఎనిమిది పుస్తకాలు దిద్దితే గొప్ప. ఆ రోజు ఇరవైరెండు దిద్దాను. తరగతి మొత్తం. అప్పుడే అనిపించింది నాకు, ఇవాళ యంత్రం ఎంత బుద్ధిగా ఉందో అని. అనుకున్నాను విగ్గో. సంతోషించాను కూడా. అంటే విన్నాను."

అతను నా భుజం మీద చెయ్యి వేయబోయి మానేశాడు. నియమం గుర్తొచ్చి ఉంటుంది. మెల్లగా అన్నాడు, "నేనైతే ఒక్క నిమిషంలో లేచేవాణ్ణి. నాకు చెవి అలవాటు కాబట్టి. నీకు అలవాటు లేదు కదా."

"ఇరవైయేడేళ్ళు విన్నాను," అన్నాను.

వంటగదిలోకి వచ్చేసరికి అందరూ నిలబడి ఉన్నారు. విన్నది నేను వాళ్ళకి చెప్పాను. విగ్గోకి చెప్పినట్టే, ఎక్కువా తక్కువా లేకుండా చెప్పాను. ఒకరి కప్పు పళ్ళెంలో కదిలింది. ఓదార్చడానికి ఎవరూ నోరు తెరవలేదు. అందుకు వాళ్ళకి రుణపడి ఉన్నాను.

అడగవలసిన ప్రశ్న ఎవరు అడుగుతారా అని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆ పెద్ద గొంతున్న మెరెటె, నాకు వినబడీ వినబడనట్టు అడిగింది.

"మళ్ళీ చేస్తే ఏం చేస్తావు బోదిల్?"

"తలుపు తీస్తాను," అన్నాను.

మెరెటె తలూపింది. అందరం షెడ్డులోకి వెళ్ళాం. అక్కడి పొయ్యిలో ఎవరి చెక్క వాళ్ళు వేశారు. సొరుగు ముక్క, నాలుగు కాళ్ళు, రొట్టెల పెట్టె మూత. నా వంతు వచ్చేసరికి పలక పొయ్యి నోట్లో పట్టలేదు, వెడల్పెక్కువైంది.

"సగం తెగే ఉంది కదా," అన్నాడు టోర్కిల్, ఎటో చూస్తూ.

మెరెటె నన్ను చూసింది. నేను పలక ఇచ్చాను. ఆమె పెన్సిలు గీతని వేలితో ఒకసారి తడిమి, యంత్రం మీద పెట్టింది. "ఆపడం నువ్వు చెయ్యి," అంది. "ఇదిగో, ఈ ఎర్రది. గట్టిగా అక్కర్లేదు."

అంత పెద్ద ఎర్ర బొత్తాం నా నడుమెత్తులోనే ఉంది. నేనెప్పుడూ చూడలేదు.

మోత కిందికి దిగింది. మాడిన మచ్చ దాటి, ఆస్గర్ గీసిన గీత వెంట చివరిదాకా వెళ్ళి, పైకి లేచింది. పలక రెండుగా విడిపోయింది. మెరెటె పక్కకి తప్పుకుంది. నేను బొత్తాం నొక్కాను. రంపం నెమ్మదిగా తిరిగి, ఇంకా నెమ్మదిగా తిరిగి, ఆగిపోయింది.

మెరెటె రెండు ముక్కలూ నావైపు చాచింది. పొయ్యి తలుపు తెరిచే ఉంది, అందరూ నాకోసం చూస్తున్నారు. నేను అప్పటికే వాళ్ళకి వీపు తిప్పి, గుమ్మం దాటి వంటగదిలోకి వచ్చేశాను. యంత్రం ఆగింది కదా. కాఫీకి నీళ్ళు పెట్టి, రెండు కప్పులు దించాను.