మంగమ్మ కడుపులో కొత్త దారి

సోనేపూర్‌లో ఎండుచేపలు అమ్మే మంగమ్మకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయిన ఏడాదికి, లోపల మచ్చకట్టి పైత్యనాళం పూర్తిగా మూసుకుపోయింది. కళ్లు పచ్చబడ్డాయి, ఒళ్లంతా దురద. బరంపురం డాక్టర్లు పక్కటెముకల మధ్యనుంచి కాలేయంలోకి సన్నని గొట్టం వేసి, పైత్యం బయటికి పోయేలా సంచి తగిలించారు. దురద తగ్గింది గానీ, సంచి ఏడు నెలలుగా నడుముకు వేలాడుతూనే ఉంది. మంగమ్మ సంతకు వెళ్లడం మానేసింది. రోజూ తెల్లవారాక భర్త పైడన్న ఆ సంచి ఖాళీ చేసి, కడిగి, అప్పుడు పడవ దగ్గరికి వెళ్లేవాడు.

నాళం బాగుచేయడానికి ఆపరేషన్ అంటే, మళ్లీ పొట్ట కోయించుకోనని ఆమె మొండికేసింది. అప్పుడు డాక్టర్ అపర్ణ రెండు బుల్లి అయస్కాంతాలు తీసి, మంగమ్మ కొంగు మడతకు అటొకటి ఇటొకటి పెట్టింది. టక్కున అతుక్కున్నాయి.

“ఒకటి ఈ గొట్టం దారిన నాళంలోకి, ఇంకొకటి నోటినుంచి పేగులోకి పంపుతాం. మధ్యలో ఉన్న మచ్చను నొక్కి నొక్కి చిల్లు చేస్తాయి. పైత్యం అందులోంచి పేగులోకి దిగుతుంది.”

“అయి లోపలే ఉండిపోతే ఏటి గతి?”

“దారి పడ్డాక తీసేస్తాం. పడకపోతే సంచి ఎలాగూ ఉంది.”

మంగమ్మ భర్తవైపు చూసింది.

“నీ ఇష్టమే. వద్దంటే సంచి నాను కడుగుతానే ఉంటాను,” అన్నాడు పైడన్న.

“ఎన్నాళ్లు కడుగుతావు మావా? ఏసీయండి, డాక్టరమ్మా.”

అయస్కాంతాలు వేశాక బరంపురంలోనే, గోసాని నువాగాంలో చుట్టాలింట్లో దిగారు. మొదటి ఎక్స్‌రేలో రెండింటి మధ్య వడ్లగింజంత ఎడం కనిపించింది. నాలుగో రోజూ అంతే. మంగమ్మకు అన్నం సయించలేదు. తొమ్మిదో రోజుకు అవి కలిశాయి. “ఇంక వాటి పని వాటిని చేయనిద్దాం,” అంది అపర్ణ.

పంతొమ్మిదో రోజు పొద్దున మంగమ్మ దొడ్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

“మావా, రంగు మారింది.”

“ఏటి రంగు?”

“నా సేత సెప్పించుకుంటావేటి? ఇన్నాళ్లూ సున్నంలాగ తెల్లగా ఎల్లేది. ఇయ్యాళ పసుపు!”

పైత్యం పేగులోకి దిగిందని పైడన్నకు అర్థం కావడానికి క్షణం పట్టింది. తరవాత నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకున్నాడు. ఆమె కూడా నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

అపర్ణ గొట్టంలోంచి ఎక్స్‌రేలో కనబడే మందు పంపి చూస్తే అది తిన్నగా పేగులోకి జారింది. అయస్కాంతాలు తీసేసి, దారి మూసుకోకుండా లోపల చిన్న గొట్టం ఉంచింది. రెండు రోజులు చూసి బయటి గొట్టం, సంచి కూడా తీసేసింది. లోపలి గొట్టం తీయడానికి ఆరు నెలల తరవాత రమ్మంది.

ఆసుపత్రి ముందు బండి దగ్గర ఇద్దరూ ఉప్మా, బఠానీల కూర ఘుగుని తిన్నారు. మంగమ్మ రెండో ప్లేటు అడిగింది.