చెయ్యెత్తనివ్వని చొక్కా

“ఫ్రీగా వచ్చేదాంట్లో క్వాలిటీ ఎక్కడుంటుందే, పిచ్చిమొహమా!” అన్నాడాయన. అంటూనే ఆమె ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుని, ఆమె కుట్టిన బొత్తాలు పెట్టుకుని, ఆమె కట్టిన క్యారేజీ అందుకుని ఆఫీసుకి వెళ్ళిపోయాడు. ఆ మాటకి ఇస్త్రీపెట్టె కూడా కాసేపు చల్లబడి ఆలోచనలో పడింది.

ఆయన ఆఫీసు వాళ్ళు బట్టల ప్యాటర్న్‌లు గీసే సాఫ్ట్‌వేర్ అమ్ముతారు. కొన్నవాళ్ళు గొడవపెడితే ఫోనెత్తి బుజ్జగించే ఉద్యోగం ఆయనది. ఆమె బడిపిల్లల యూనిఫాంలు కుట్టే కార్ఖానాలో ప్యాటర్న్‌లు గీస్తుంది. అక్కడ ఆ సాఫ్ట్‌వేర్ కొనిపించింది ఆయనే. ఇంట్లో మాత్రం ఆమె పాత ల్యాప్‌టాప్‌లో, ఎవరెవరో కలిసి రాసి ఊరికే పంచిపెట్టే ఇంకో సాఫ్ట్‌వేర్‌తో గౌన్లు గీసుకుంటుంది. “మా కోడలు కంప్యూటర్లో బొమ్మలేసుకుంటోంది” అని అత్తగారు చుట్టాలకి చెబుతారు, ఏదో అంటురోగం వచ్చినట్టు.

ఆ రోజు కార్ఖానాలో పెద్ద సైజు చొక్కా ఒకటి నమూనాగా కుట్టారు. మిషనావిడ తొడుక్కుని చెయ్యెత్తింది. చంక పట్టేసి చొక్కా మొత్తం చెవుల దాకా లేచింది. సైజు పెరిగినా చంక పెరగలేదు. ఈ చొక్కాలు వేసుకుంటే క్లాసులో ఒక్క పిల్లకీ చెయ్యి లేవదు. టీచర్లు వాళ్ళ ప్రశ్నలకి వాళ్ళే జవాబు చెప్పుకుని, వాళ్ళకి వాళ్ళే మార్కులేసుకోవాలి. గుడ్డేమో అప్పటికే బల్ల మీద పరిచేశారు. మర్నాడు కత్తెర పడిందంటే దేవుడు కూడా అతికించలేడు.

“సాఫ్ట్‌వేర్ తప్పు చెయ్యదమ్మా, అంత పోసి కొన్నాం,” అన్నాడు యజమాని. “నువ్వే ఏదో నొక్కేసుంటావు. రేపు తేడా వచ్చిందా, ఎల్లుండి నువ్వు రానక్కర్లేదు.”

ఆమె హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసింది. సంగీతం మోగుతూనే ఉంది. మిషనావిడ ఈలోపు ఓ కాజా కుట్టి, ఓ కునుకు తీసి, లేచి మళ్ళీ కాజా కుట్టింది. అప్పుడు పలికిందో గొంతు: “నమస్కారం మేడమ్, మీ సమస్యే మా సమస్య. చెప్పండి.”

మొగుడు! పెళ్ళైనప్పట్నుంచీ ఈ గొంతుని ఎక్కడ దాచిపెట్టాడో! ఆమె చంక కథంతా చెప్పింది. ఆయన గుర్తుపట్టలేదు. అంతసేపు మధ్యలో అడ్డు రాకుండా ఆమె మాట వినడం ఆయనకదే మొదలు మరి.

“అయ్యో మేడమ్, మీరెంత ఇబ్బంది పడుతున్నారో నాకర్థమైంది.”

ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నేనేనండీ,” అంది.

“నువ్వా! ముందే చెప్పొద్దూ? ఓసారి ఆపి ఆన్ చెయ్. పోకపోతే వచ్చే వెర్షన్‌లో చూస్తార్లే. వచ్చేప్పుడు పాలు పట్రా.”

ఆపి ఆన్ చేసింది. చంక చంకలాగే ఉంది.

సాయంత్రం ఇంటికొచ్చి అవే కొలతలు తన ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో వేసింది. అందులోనూ అదే తప్పు! ఆయన మాటే నిజమేమో అనిపించి నీరుగారిపోయింది. అయినా అది రాసేవాళ్ళ చర్చల పేజీలో, ‘సూదిముల్లు’ అని తను పెట్టుకున్న పేరుతో రాసింది: ‘చంక తేడాగా ఉంది.’

గుడ్లగూబ అని పేరెట్టుకున్నాయన విసుక్కున్నాడు: ‘కొలతలివ్వకుండా నేనేం సోదె చెప్పాలా?’

మేడమ్ లేదు, నమస్కారం లేదు. కొలతలన్నీ పెట్టి, ‘రేపే గుడ్డ కత్తిరిస్తారు. పిల్లలు చెయ్యెత్తాలి కదా’ అని రాసి, బియ్యం కడగడానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పేజీ తిరణాలలా ఉంది. ఎవరో లెక్క విప్పి తప్పు చూపించారు. ఎవరో వాళ్ళ పాపని నిలబెట్టి, చెయ్యెత్తించి, కొలిచి పెట్టారు. గుడ్లగూబ సరిచేశాడు, ఇంకెవరో అతన్నీ తిట్టి మళ్ళీ సరిచేశారు. అన్నం ఉడికేలోపు కొత్త చంక వచ్చింది. కింద ఓ వరుస: ‘తప్పు పట్టుకున్నది సూదిముల్లు.’

ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు, ఎవరూ చెప్పకుండా, ఎవరి పిల్లల చంకల కోసమో ఇంత కొట్టుకున్నారా! ప్రతి ఒక్కళ్ళు చేసిన పనీ అక్కడ ఎవరికైనా కనిపిస్తోంది. ఇంట్లో ఆమె చేసింది ఎవరికీ కనపడదు, చెయ్యనిదే కనపడుతుంది. చుక్కల్ని చూసినట్టు ఆ పేర్లన్నీ పైనుంచి కిందికి చూసింది. వాటి మధ్య తనదీ ఉంది.

మర్నాడు ఆమె ఇంటినుంచి తెచ్చిన కొత్త ప్యాటర్న్‌తో కుట్టిన చొక్కాలో మిషనావిడ రెండు చేతులూ ఎత్తి గిర్రున తిరిగింది. కత్తెర పడింది. “నే చెప్పలా? మన సాఫ్ట్‌వేర్ బంగారం!” అన్నాడు యజమాని.

ఆ సాయంత్రం గుడ్లగూబ రాశాడు: ‘చంకల సంగతి చూసుకునేవాళ్ళు లేరిక్కడ. వారానికో పూట నువ్వు చూస్తావా? వీలైతేనే. వద్దన్నా ఎవరం ఏమీ అనుకోం.’

ఆమె అది చదివి, మళ్ళీ చదివింది. మొగుడు ఆమె భుజం మీంచి తొంగిచూశాడు.

“ఎంతిస్తారేం?”

“ఏమీ ఇవ్వరు.”

“మరి ఊరికే చాకిరీ చెయ్యడానికి నీకేం పట్టిందే?”

“అడిగారండీ.”

“ఏమని?”

“నీకు వీలవుతుందా అని.”

ఆమె ‘వీలవుతుంది, ఆదివారం పొద్దున’ అని టైపు చేసి, పంపేసి, లోపలికి కేకేసింది.

“అత్తయ్యా! ఆదివారం వంట మీ అబ్బాయిది.” తర్వాత ఆయన వైపు తిరిగి, మెల్లగా అంది: “వీలైతేనే అనట్లేదండీ నేను.”