కిటికీ అక్షరాలు

మా అక్క మంత్రసాని. మా వీధిలో చాలామంది ఆమె చేతుల్లోకే పుట్టారు. నా పిల్లలు కూడా.

ఆ ఏడాది కాన్పుల ఆసుపత్రివాళ్లు కొత్త నిబంధన పెట్టారు. ఇళ్లకు వెళ్లి కాన్పులు చేసే ఆడవాళ్లు ఆసుపత్రిలో శిక్షణ తీసుకోవాలి. శిక్షణలో చేరాలంటే చీటీ రాయడం రావాలి. పుట్టింది ఆడో మగో, తల్లి ఎలా ఉందో, బిడ్డ బరువు ఎలా ఉందో రాయాలి. రాయడం రానివాళ్లు ఇక కాన్పు చేయకూడదు. చేస్తే పోలీసులొస్తారు.

"నాకు రాయడం వచ్చుగా" అంది అక్క.

వచ్చనే నేనూ అనుకున్నాను. మందు సీసాల మీద పేర్లు చదివేది. గోడల మీద రాతలు కూడబలుక్కునేది. సగం చదివి సగం ఊహించుకునేదని అప్పటికి ఎవరికీ తెలియదు.

పరీక్ష ఆడపిల్లల బడిలో పెట్టారు. నేను వడ్రంగిని. అదే బడిలో బెంచీల కాళ్లు ఊగుతున్నాయని నన్ను పిలిపించారు. గది మూల కూర్చుని పని చేసుకుంటున్నాను. ఆసుపత్రి పెద్ద నర్సమ్మ, బడి పంతులమ్మ బల్లకు అటువైపు కూర్చున్నారు. అక్క ఇటువైపు.

"పెద్దదానివి, ఎన్నో తరగతి దాకా చదివావమ్మా?" అంది నర్సమ్మ.

"తరగతి ఎక్కడిదమ్మా, నిలబడి చదివాను."

"నిలబడా? అన్నేళ్లూ శిక్ష వేశారా ఏమిటి?" అంది పంతులమ్మ. ముగ్గురూ నవ్వారు.

"సరే, రాయి. పాప పుట్టింది. తల్లి బాగుంది."

అక్క నెమ్మదిగా రాసింది. గట్టిగా నొక్కి రాసింది. నర్సమ్మ కాగితం తీసుకుని పైకి చదివింది.

"బాబ బుడ్డింది. దల్లి బాగుంది."

పంతులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇందులో బాగుంది ఒక్కటే బాగుంది" అంది నర్సమ్మ. "బాబ అంటే ఎవరమ్మా? పాపా, బాబా? ఆడపిల్ల పుడితే మేం ఏమని రాసుకోవాలి?"

"ఆడపిల్లనే రాశానమ్మా."

పంతులమ్మ కాగితం తన వైపు తిప్పుకుంది. "క రాయి పెద్దమ్మా" అంది. అక్క గ రాసింది. "చ రాయి." జ రాసింది. "అమ్మ అని రాయి." అక్క మ్మ అని రాసి ఊరుకుంది. "పోనీ నీకు వచ్చినవి రాయి." అక్క వరసగా గ ఘ ఙ రాసింది, జ ఝ ఞ రాసింది. ఒక్క తప్పు లేదు. ౠ కూడా రాసింది.

"ఙ వచ్చినదానికి క రాకపోవడమేమిటి? మాతో పరాచికాలా?"

అక్క నా వైపు చూసింది. నాకు అప్పుడు అర్థమైంది.

"బీరువా అడ్డం ఉండేది" అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు. చెప్పక తప్పలేదు.

నా చిన్నప్పుడు మా పేటలో బడి మగపిల్లలకే. మాలాంటి పనివాళ్ల పిల్లలను రానిచ్చేవాళ్లు గానీ బల్ల మీద కాదు, చివర నేల మీద. ఆ నేల మీద నేను మూడేళ్లు కూర్చున్నాను. అక్క మా తమ్ముణ్ని చంకనేసుకుని బయట కిటికీ దగ్గర నిలబడేది. పిల్లవాణ్ని ఆడించడానికి ఎక్కడైనా నిలబడాలి కదా, అక్కడ నిలబడేది. మాస్టారి బీరువా బోర్డుకు ఎడమ పక్కన ఉండేది. కిటికీలోంచి చూస్తే బోర్డులో ఆ పక్క కనబడదు. మాస్టారు వరసకు ఐదు అక్షరాలు రాసేవారు. మొదటి రెండూ బీరువా వెనక ఉండిపోయేవి. మిగతావి అక్కకు వచ్చాయి.

"మాస్టారు పలికేది వినబడేదిగా?" అంది పంతులమ్మ.

"వినబడేది. క అంటే గ లాగే రాస్తారు కాబోలనుకున్నాను" అంది అక్క. "రెండూ దగ్గర దగ్గరగానే ఉంటాయి కదమ్మా నోట్లో."

నర్సమ్మ కాసేపు కలం మూత తీసి పెట్టింది, పెట్టి తీసింది.

"వచ్చే వారం మళ్లీ రా. ఈసారి తప్పితే మాత్రం నా చేతుల్లో లేదు."

ఆ వారం రోజూ మధ్యాహ్నం అక్క నా కొట్టుకు వచ్చింది. ఒక చెక్క నున్నగా చిత్రిక పట్టి, దాని మీద పెన్సిలుతో ఆమెకు రాని అక్షరాలు రాసిచ్చాను. అక్క రంపపు పొట్టులో కూర్చుని దిద్దేది.

"ఒరే, ఈ ట చూడు. తల మీద ఏమీ లేకుండా బోసిగా ఉంది. ఇన్నాళ్లూ ఇది ఎక్కడుందిరా?"

"లోపల."

"నోట్లో మేకులు పెట్టుకున్నావా, ఒక్కో మాటా పీక్కోవాలి."

మేకులు పెట్టుకునే ఉన్నాను. తీసి చెప్పాను, ఇవి లోపలి అక్షరాలు, నీకు వచ్చినవి కిటికీ అక్షరాలు అని. ఆమెకు ఆ మాట నచ్చింది. తరవాత ఏ మాట రాసినా నోట్లో గొణుక్కునేది, లోపలిదా, కిటికీదా అని. వారం తిరిగేసరికి అన్నీ వచ్చాయి. అ కూడా వచ్చింది. అక్క అని రాసి చూసుకుంది. బాగానే ఉంది అంది.

పరీక్ష రోజు బెంచీల పని ఇంకా మిగిలే ఉంది. నేను మూలనే ఉన్నాను.

నర్సమ్మ చెప్పింది. "బాబు పుట్టాడు. బిడ్డ బరువు తక్కువ."

అక్క కలం పట్టుకుని ఆగింది. పెదాలు కదిలాయి. తరవాత ఆగకుండా రాసేసింది. రాసి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

నర్సమ్మ చదివింది. ఈసారి గట్టిగా చదవలేదు.

"పాపు పుట్టాటు. పిట్ట పరువు తక్కువ."

ఎవరూ నవ్వలేదు. పంతులమ్మ కిందకు చూసింది. ఇంకో అవకాశం ఇద్దామా అన్నట్టు నర్సమ్మ వైపు ఒకసారి చూసి, మళ్లీ కిందకు చూసింది. నర్సమ్మ కాగితాన్ని మిగతా కాగితాల కింద పెట్టింది.

"వెళ్లిరా అమ్మా" అంది.

నేను పనిముట్లు సంచిలో వేసుకుని అక్కతో బయలుదేరాను. సగం దారి వచ్చాక అడిగింది.

"ఎక్కడ తప్పింది?"

"బాబులో ప రాశావు. అక్కడ బ ఉండాలి."

"బ కిటికీదిగా."

"కిటికీదే. అదీ కావాలి."

అక్క నడుస్తూనే ఉంది. "పెద్ద చదువులవాళ్లు కదా, లోపలివే అడుగుతారనుకున్నానురా. కిటికీవి నాలాంటివాళ్లు రాసుకునేవి అనుకున్నాను."

దారిలో టైరు మార్చుకుంటున్న లారీ అడ్డం వచ్చింది. దాన్ని చుట్టి వెళ్లాం.

ఆ నెలలోనే ఒక పొద్దున మా పక్కింటి చాకలామె పరుగెత్తుకు వచ్చింది. ఆమె కోడలికి నొప్పులు మొదలయ్యాయి. అక్క నా ఇంట్లోనే ఉంది, ఉల్లిపాయలు తరుగుతోంది.

"వదినా, లే. పిల్ల తట్టుకోలేకపోతోంది."

"ఆసుపత్రికి తీసుకెళ్లు."

"ఆసుపత్రేమిటి? నా కొడుకుని నువ్వు తీయలేదూ? వాడి పిల్లని తీయడానికి బెట్టా?"

"బెట్టు కాదు. నేను తప్పాను."

"ఏం తప్పావు?"

"రాయడం."

చాకలామెకు అర్థం కాలేదు. "రాయడానికీ దీనికీ ఏమిటి సంబంధం వదినా? నీ చేతులు పడిపోయాయా?"

అక్క తరగడం ఆపలేదు. "ఆటో పిలువు తమ్ముడూ" అంది నాతో. పిలిచాను. ఆటో వెళ్లిపోయింది. ఆసుపత్రిలో పాప పుట్టిందని మధ్యాహ్నం కబురు వచ్చింది. ఇద్దరూ బాగున్నారన్నారు. అక్క ఆ కబురు విని పొయ్యి మీది గిన్నె దించింది.

ఆ సాయంత్రం నీళ్లు మరగబెట్టి తన కత్తెర అందులో వేసింది. బొడ్డు కోసే కత్తెర. తీసి, ఆరబెట్టి, గుడ్డతో తుడిచి నాకు ఇచ్చింది.

"నీకు పనికొస్తుందేమో చూడు."

"చెక్క తెగదు దీంతో."

"చెక్క కాకపోతే ఇంకోటి."

తీసుకున్నాను. ఇప్పుడు నా కొట్లో ఉంది. చెక్క నునుపు చేసే ఉప్పుకాగితాన్ని దాంతో ముక్కలు చేసుకుంటాను. ఆ కాగితానికి ఏ కత్తెరైనా త్వరగా మొద్దుబారుతుంది. ఇదీ మొద్దుబారింది.